ఫెజ్‌లో ఫోన్ మ్యాప్ చేతులెత్తేసింది

“క్లోజ్డ్... క్లోజ్డ్!” అంటూ చెయ్యి అడ్డంగా ఊపాడు ఆ కుర్రాడు. పన్నెండేళ్లుంటాయేమో. విననట్టే ముందుకెళ్లిపోయా. కారణముంది. ఆ రోజు పొద్దున్నే అదే మాట నమ్మి 100 దిర్హామ్‌లు వదిలించుకున్నా. మన లెక్కలో తొమ్మిది వందల రూపాయలకు అటూఇటూ.

మొరాకోలోని ఫెజ్ నగరం సంగతి ఇది. ఆఫీసు పని మీద కాసాబ్లాంకా వెళితే చేతికి ఒక్క వీకెండ్ చిక్కింది. శనివారం రైలెక్కి, దారిలో మెక్నెస్‌లో దిగి, టాక్సీ మాట్లాడుకుని వొలూబిలిస్ వెళ్లా. ఆలివ్ తోటల మధ్య రోమన్ల కాలం నాటి పట్నం శిథిలాలు. ఇళ్ల నేల మీద రంగురాళ్లతో పేర్చిన బొమ్మలు పైకప్పు లేకపోయినా ఇంకా కనిపిస్తున్నాయి. క్రీ.శ. 217 నాటి విజయ తోరణం ఉంది. నూనె తీసే గానుగలు యాభైకి పైగా బయటపడ్డాయట! స్తంభాల మీద మాత్రం కొంగలు కాపురం పెట్టేశాయి. సుల్తాన్ మౌలే ఇస్మాయిల్ తన మెక్నెస్ కోసం ఇక్కడి రాళ్లు మోయించుకుపోయాడు. 1755 భూకంపం ఇంకొన్నిటిని కూల్చింది.

రాత్రికి ఫెజ్ చేరా. ఆదివారం పొద్దున బాబ్ బూ జెలూద్ ద్వారం దాటి పాత నగరంలో అడుగుపెట్టా. ద్వారం బయటివైపు నీలం, లోపలివైపు ఆకుపచ్చ. లోపల కార్లుండవు. తొమ్మిది వేలకు పైగా సందులున్నాయంటారు. కొన్నిచోట్ల ఎదురుగా మనిషొస్తే గోడకి అతుక్కోవాల్సిందే. “బాలాక్!” అని కేక వినబడిందా, పక్కకి తప్పుకోవాలి. వెనక గ్యాస్ సిలిండర్లు మోస్తూ కంచరగాడిద వచ్చేస్తుంటుంది.

పెద్దవీధి మూసేశారంటూ ఓ పెద్దాయన కలిసింది అక్కడే. తిప్పి తిప్పి ఓ తోలు దుకాణం మేడెక్కించాడు. కింద షువారా తోళ్ల కార్ఖానా. ముక్కు దగ్గర పెట్టుకోమని పుదీనా రెమ్మ ఇచ్చారు. అది లేకపోతే నిలబడలేం. తెల్లటి తొట్లలో సున్నం, పావురాల రెట్ట. తోలు మెత్తబడేది వాటితోనే. పక్కన రంగుల తొట్లలో మనుషులు తొడల దాకా దిగి తోళ్లు తొక్కుతున్నారు. ఆ తర్వాత దుకాణంలో బ్యాగుల ధర అడగబుద్ధి కాలేదు. ఏమీ కొనలేదని పెద్దాయన ‘గైడ్ ఫీజు’ వసూలు చేశాడు. వీధి మాత్రం తెరిచే ఉంది!

మధ్యాహ్నం బూ ఇనానియా మదర్సా చూశా. 14వ శతాబ్దం కట్టడం. కింద రంగు పలకలు, వాటిపైన సున్నపు నగిషీ, ఆపైన దేవదారు చెక్కడం. తల ఎత్తినవాణ్ని దించలేదు. కరవియ్యీన్‌ని 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే మహిళ స్థాపించిందని చెబుతారు. ప్రపంచంలో నేటికీ నడుస్తున్న అతి పాత విశ్వవిద్యాలయం ఇదేనని గిన్నిస్ రికార్డు. ముస్లింలు కానివాళ్లకి మసీదులోకి ప్రవేశం లేదు కాబట్టి గుమ్మంలోంచే చూసి వచ్చేశా.

సాయంత్రానికి అసలు కథ మొదలైంది. రైలుకి గంటన్నర. ఫోన్లో ఆరు శాతం చార్జింగ్. టికెట్ అందులోనే. ఎత్తైన గోడల మధ్య మ్యాప్‌లో నీలం చుక్క ఓసారి ఈ సందులో, ఓసారి మేడల మీద. రోజూ కోడ్ రాసేవాణ్ని, దారి కనుక్కోలేకపోయా. అప్పుడే ఆ కుర్రాడి “క్లోజ్డ్”.

రెండు మలుపులు తిరిగేసరికి ఎదురుగా రేకుల అడ్డం. దాని వెనక, ఒరిగిన గోడలకి పోటీ పెట్టిన దుంగలు. నిజంగానే మూసేశారు.

వెనక్కొస్తే వాడు అదే మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నవ్వలేదు. లేచి, రమ్మన్నట్టు తలూపి ముందు నడిచాడు. దారిలో ఇంటి పిండిముద్దలు పలక మీద పెట్టుకుని వీధి పొయ్యికి తీసుకెళ్తున్న పిల్లకి ఏదో చెప్పి నవ్వాడు. నా గురించే అయ్యుంటుంది.

“ఇండియా? షారుఖ్ ఖాన్?” అనడిగాడు. అవునన్నా.

పది నిమిషాల్లో నీలం ద్వారం. జేబులో ఉన్న 20 దిర్హామ్‌ల నోటు చేతిలో పెట్టా. “షుక్రన్” అని పరుగెత్తి సందులో మాయమయ్యాడు.

రైల్లో కూర్చున్నాక పర్సు తెరిస్తే ఇంకో 100 నోటు కనిపించింది. అబద్ధం చెప్పినాయనకి వంద, నిజం చెప్పినవాడికి ఇరవై.