బురదలో దాగిన పనివారు

కాకినాడ దగ్గర, గోదావరి సముద్రంలో కలిసేచోట కోరింగ మడ అడవులున్నాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించబడిన ఈ ప్రాంతం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అక్కడికి వెళ్ళిన మనం నీటికుక్కలను, బావురుపిల్లిని, పక్షులను వెతుకుతాం. బురద నుండి కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే మాత్రం ముక్కు మూసుకుంటాం. నిజానికి ఆ వాసన ఒక గొప్ప పని జరుగుతోందనడానికి గుర్తు!

మడ బురదలో పైపొర దాటితే ప్రాణవాయువు దాదాపు ఉండదు. అక్కడ కొన్ని బాక్టీరియాలు ప్రాణవాయువుకు బదులు సముద్రపు నీటిలోని సల్ఫేటును వాడుకొని బ్రతుకుతాయి. రాలిన ఆకులను జీర్ణం చేస్తూ అవి విడిచే హైడ్రోజన్ సల్ఫైడు వాయువుదే ఆ వాసన. అది విషవాయువే. అయితే మరో జాతి బాక్టీరియాలకు అదే ఆహారం! ఒకరి వ్యర్థం మరొకరికి భోజనమన్నమాట.

బురద పైకి మేకుల్లా పొడుచుకొచ్చే శ్వాసవేళ్ళ ద్వారా గాలి లోపలి వేళ్ళకు చేరుతుంది. అందుచేత వేరు చుట్టూ ఒక రకం, కాస్త ఎడంగా మరో రకం సూక్ష్మజీవులు కాపురముంటాయి. కొన్ని గాలిలోని నత్రజనిని చెట్టుకు పనికివచ్చేలా మారుస్తాయి. కొన్ని బురదలో చిక్కుకున్న భాస్వరాన్ని విడిపిస్తాయి. బాక్టీరియా, బూజు పట్టిన ఆకుముక్కలను పీతలు, రొయ్యపిల్లలు తింటాయి. వాటిని చేపలు తింటాయి. జాలరి ఇంట పొయ్యి వెలగడం వెనుక ఈ కంటికి కనిపించని పనివారున్నారు.

"కంటికి కనిపించని" అన్నాం గాని, దానికీ ఒక మినహాయింపు ఉంది. కరేబియన్ సముద్రంలోని గ్వాడెలూప్ దీవి మడ అడవిలో, నీటిలో మునిగిన ఆకులపై దొరికిన ఒక బాక్టీరియా దాదాపు ఒక సెంటీమీటరు పొడవుంటుంది. మైక్రోస్కోపు లేకుండానే చూడవచ్చు. 2022లో శాస్త్రజ్ఞులు దీని వివరాలు ప్రకటించి, థయోమార్గరీటా మాగ్నిఫికా అని పేరుపెట్టారు.

మరి మడను నరికి, గట్టు వేసి, చెరువు తవ్వితే ఏమౌతుంది? ఆటుపోట్ల నీరు ఆగిపోతుంది. బురద ఎండి గాలి చొరబడుతుంది. అందులోని సల్ఫైడులు గంధకామ్లంగా మారి నేలను పాడుచేస్తాయి. ఎన్నో ఏళ్ళుగా బురద దాచుకున్న కర్బనం బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలుస్తుంది. ఆ తరువాత మొక్కలు నాటినంత మాత్రాన చాలదు; ఆటుపోట్ల నీటికి దారి తిరిగి తెరవాలి.

కనుక ఈసారి పిల్లలతో కోరింగ వెళ్ళినప్పుడు, ఆ వాసన వచ్చినచోట ఒక్క నిమిషం ఆగుదాం. అది ఎవరి పనో వారికి చెబుదాం. బురద విలువ తెలిసిన పిల్లలు పెద్దయ్యాక మడచెట్టుపై గొడ్డలి ఎత్తరు.