పేపర్లో పడ్డ మాట... పొలంలో పడ్డ మందు

శాస్త్రవేత్త చెప్పింది ఒకటి, ఊరికి చేరేది ఒకటి కాకూడదు

మార్టేరు: తెల్లవారి ఆరు గంటలయ్యేసరికి గోదావరి డెల్టాలో ఏ ఊరు చూసినా కాలవ గట్టు మీది టీ కొట్టు ముందు పదిమంది చేరతారు. పేపరు ఒక్కటే. చదివేది ఒకరు, వినేది తక్కినవారు. జిల్లా పేజీ తిప్పగానే, "సైంటిస్టుగారు ఏమన్నా చెప్పారేమో చూడరా అబ్బాయ్" అని వెనక బల్ల మీది పెద్దాయన అడుగుతాడు. వరికి సుడిదోమ పట్టిందనో, ఆకుముడత కనిపిస్తోందనో మూలన ఓ చిన్న వార్త ఉంటుంది. చివర ఒక శాస్త్రవేత్త పేరు, పరిశోధన స్థానం పేరు ఉంటాయి. ఆ పేరుంటే అందరూ చెవి ఒగ్గుతారు. లేకపోతే పేజీ తిరిగిపోతుంది.

ఆ నాలుగు వాక్యాలు నమ్మి సాయంత్రానికి ఎందరో మందుల కొట్టుకు వెళతారు. సొంత పొలం ఉన్నవాడికి అది డబ్బు ఖర్చు మాత్రమే. కౌలు రైతుకు అలా కాదు. చేను పండినా ఎండినా మక్తా బస్తాలు కొలవాలి. వడ్డీకి తెచ్చిన డబ్బుతో కొట్టిన మందు పనిచేయకపోతే వాడికి రెండో అవకాశం ఉండదు. అందుకే విశ్వవిద్యాలయంలో పనిచేసే ఒక మనిషి మాట పత్రికలో ఎలా పడింది అన్నది డెల్టా పల్లెల్లో చిన్న విషయం కాదు.

చుక్క జారితే

సుడిదోమకు శాస్త్రవేత్తలు సిఫారసు చేసే మందుల్లో పైమెట్రోజైన్ ఒకటి. లీటరు నీటికి 0.6 గ్రాములు. ఎకరాకు 200 లీటర్ల నీరు లెక్క వేసుకుంటే 120 గ్రాములు సరిపోతుంది. అచ్చులో ఆ చుక్క జారిపోతే 0.6 కాస్తా 6 అవుతుంది. ఎకరాకు 120 గ్రాముల చోట 1200 గ్రాములు కొనాలి. ఖర్చు పదింతలు. మందు కొట్టే కూలీ పీల్చే విషమూ పదింతలే. పేపరుకు అది ఒక అచ్చుతప్పు. మర్నాడు సవరణ వేసినా, నిన్నటి పేపరు చదివినవారంతా నేటి సవరణ చదువుతారన్న నమ్మకం లేదు.

అంకె ఒక్కటే కాదు, మాట విరిగినా ముప్పే. "దుబ్బుల మొదళ్లు చూసి, దోమ ఎక్కువగా ఉంటేనే మందు కొట్టాలి, మందు మొదళ్లకు తగలాలి" అని శాస్త్రవేత్త చెబుతారు. చోటు చాలక "దోమకు మందు కొట్టాలి" అని అచ్చవుతుంది. దోమ ఉండేది దుబ్బు మొదట, నీటి మట్టానికి కాస్త పైన. మందు పైపైన ఆకుల మీద చల్లి ఇంటికి వస్తే దోమకు తగలదు. చేను మాత్రం సుడులు సుడులుగా ఎండిపోతుంది. తప్పు మందుదే అనుకుని రైతు మరో మందు కొంటాడు.

సింథటిక్ పైరిత్రాయిడ్ జాతి మందుల విషయం మరీ దారుణం. అవి కొట్టిన వరి చేలలో దోమ తగ్గకపోగా పెరుగుతుందని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి చెబుతున్నారు. దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు ఆ మందుకు చచ్చిపోతాయి. కాపలా పోయిన ఇంట్లో దొంగకు ఎదురేముంది? "ఇది కొట్టవద్దు" అన్న ఆ ఒక్క వాక్యమే వార్తలో అన్నిటికంటే విలువైనది. చోటు చాలనప్పుడు ముందుగా కత్తెర పడేదీ తరచు దానికే.

సూటిగా చెప్పరెందుకు?

విలేకరులకు శాస్త్రవేత్తల మీద ఒక ఫిర్యాదు ఉంది. ఏది అడిగినా "అది ఇంకా పరీక్షలో ఉంది", "సిఫారసు కాలేదు" అని తప్పుకుంటారట. రైతులకూ అదే ఫిర్యాదు. దీనికి కారణం లేకపోలేదు.

వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఒక శాస్త్రవేత్త తన మడిలో చూసిన ఫలితాన్ని మర్నాడే ఊరికి చెప్పడానికి వీల్లేదు. ఒకటికి నాలుగు సీజన్లు చూడాలి. తక్కిన పరిశోధన స్థానాల్లోనూ పరీక్షించాలి. మండలాల వారీగా పరిశోధకులు, వ్యవసాయ శాఖ అధికారులు కలిసి కూర్చునే సలహా సమావేశంలో దాన్ని పెట్టాలి. అక్కడ ఒప్పుకున్నాకే అది సిఫారసుగా మారి వ్యవసాయ పంచాంగంలోకి ఎక్కుతుంది. కొత్త వంగడమైతే రైతుల పొలాల్లో చిరు సంచుల పరీక్షలు దాటాలి. "కొత్త వంగడం వచ్చేసింది, దిగుబడి అదిరింది" అని తొందరపడి రాసిన వార్త చదివి విత్తనం కోసం మార్టేరు గేటు దగ్గరికి వచ్చే రైతుకు లోపల దొరికేది "ఇంకా విడుదల కాలేదండీ" అన్న జవాబు. బయట మాత్రం అదే పేరుతో ఏదో ఒక సంచి అమ్మేవాడు ఉండనే ఉంటాడు.

రేడియో వరి కాలం

ఊరికి సైంటిస్టు గొంతు మొదట వినిపించింది రేడియోలోనే. 1948లో విజయవాడలో ఆకాశవాణి కేంద్రం వచ్చింది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1966 నుంచి ఆకాశవాణిలో వ్యవసాయదారుల కోసం ప్రత్యేక విభాగాలు వెలిశాయి. పంచాయతీ ఆఫీసు మైకులో సాయంకాలం ఊరంతా విన్న రోజులు పెద్దవాళ్లకు గుర్తే.

ఆ రోజుల్లో తమిళనాట తంజావూరు జిల్లాలో ఒక విచిత్రం జరిగింది. ఏడీటీ 27 అనే కొత్త వరి గురించి రైతులు తిరుచిరాపల్లి రేడియోలో విన్నారు. విని నాటారు. ఊళ్లలో దాని అసలు పేరు ఎవరికీ పట్టలేదు. "రేడియో వరి" అన్నారు. గొంతు విని విత్తనం చల్లినవాళ్ల నమ్మకం అది.

1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2400 పల్లెలకు ఏడాదిపాటు టెలివిజన్ చూపించారు. మన రాష్ట్రం పల్లెలూ వాటిలో ఉన్నాయి. తరవాత దూరదర్శన్ వచ్చింది, ప్రైవేటు చానళ్లు వచ్చాయి. 2004 జనవరిలో కిసాన్ కాల్ సెంటర్లు మొదలయ్యాయి. ఇప్పుడు సైంటిస్టు మాట రైతు జేబులోని ఫోనులోనే మోగుతోంది. దారి మారింది గాని, చిక్కు మాత్రం పాతదే. మాట సరిగ్గా చేరిందా, లేదా?

పేపరు కంటే ముందు నడిచిన స్వర్ణ

అన్ని మేళ్లూ వార్తల వల్లే జరిగాయనుకుంటే అదీ పొరపాటే. మార్టేరులో వరి పరిశోధన 1925 నాటిది. అక్కడ వశిష్ఠ, మసూరి రకాలను సంకరపరచి తీసిన ఎం.టి.యు. 7029 వంగడం 1982లో స్వర్ణగా విడుదలయింది. ఎం.టి.యు. అన్న మూడక్షరాలు మార్టేరువే. ఒడిశా, పశ్చిమ బెంగాల్, ఛత్తీస్‌గఢ్ దాకా అది పాకింది. సరిహద్దు దాటి బంగ్లాదేశ్ చేలల్లోనూ పండింది. అక్కడి రైతులు మన జిల్లా పేపరు చదివి నాటలేదు. పక్క రైతు గట్టు మీద నిలబడి కంకి చూసి, అడిగి, అరువు తెచ్చుకుని నాటారు. ముంపును రెండు వారాలదాకా తట్టుకునేలా ఆ స్వర్ణనే మార్చి ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తీసిన స్వర్ణ సబ్ 1 రకం 2009లో మన దేశంలో విడుదలయింది.

తరవాత మార్టేరు నుంచి విజేత, కాటన్ దొర సన్నాలు వంటివి వచ్చాయి. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి సంగతి చెప్పనే అక్కరలేదు. 5204 అంటే పట్నవాసం బియ్యం కొట్టువాడికీ తెలుసు. కాని దాన్ని తీసినవారి పేరు అన్నం తినేవారిలో ఎందరికి తెలుసు?

పేపరుకెక్కని చేతులు

వంగడం విడుదలైన రోజున ఫోటో పడుతుంది. శాలువా, పూలదండ, పక్కన అధికారులు. ఆ ఫోటోలో కనిపించని మనుషులు పరిశోధన స్థానంలో చాలామంది ఉంటారు.

వరి పువ్వు చాలా చిన్నది. దానిలో ఆరు పుప్పొడి తిత్తులు ఉంటాయి. అది విచ్చుకోకముందే గింజ కొనను కత్తిరించి ఆ ఆరింటినీ తీసివేయాలి. ఒక్కటి మిగిలినా సంకరం చెడినట్టే. తరవాత కాగితపు సంచి తొడిగి, తండ్రి మొక్క పూసే వేళకు పుప్పొడి తెచ్చి దులపాలి. ఇదంతా వంగిన నడుముతో, గుచ్చి చూసే కళ్లతో చేసే పని. అలా వచ్చిన కాసిని గింజల్ని తరం తరవాత తరం నాటి, ఏరి, మళ్లీ నాటి, ఒక వంగడం నిలదొక్కుకునేసరికి పదేళ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పడుతుంది. ఈలోగా మొదలుపెట్టిన శాస్త్రవేత్త బదిలీ అయిపోవచ్చు, పదవీ విరమణ చేయవచ్చు. మడి మాత్రం పొలం సిబ్బంది చేతుల్లోనే ఉంటుంది.

దీపపు ఎర కింద రాత్రి పడిన పురుగుల్ని పొద్దున్నే లెక్కపెట్టి రాసేవారూ వాళ్లే. "ఈ వారం దోమ ఉధృతి పెరిగింది" అని పేపర్లో సైంటిస్టు పేరు మీద పడిన వాక్యం వెనక ఆ లెక్కలే ఉంటాయి. ఆ లెక్క తప్పితే ఆ వార్తా తప్పుతుంది.

తల మీద తిరగేసిన వై

పత్రిక, శాస్త్రవేత్త కలిసి పనిచేస్తే ఏమవుతుందో చెప్పడానికి కత్తెర పురుగు మంచి ఉదాహరణ. 2018 మేలో కర్ణాటకలోని శివమొగ్గ వ్యవసాయ ఉద్యాన విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు మొక్కజొన్న చేలల్లో ఒక కొత్త పురుగును గుర్తించారు. అమెరికా ఖండం నుంచి ఆఫ్రికాకు, అక్కడి నుంచి మనకు వచ్చిన శత్రువది. ఆ ఏడాదే ఆంధ్ర, తెలంగాణ చేలల్లోనూ కనిపించింది.

అప్పుడు వచ్చిన వార్తల్లో మేలైనవి "భయంకరమైన పురుగు" అని కేకలు పెట్టలేదు. గుర్తు చెప్పాయి. పురుగు తల మీద ఇంగ్లీషు వై అక్షరం తలకిందులుగా ఉంటుంది. తోక దగ్గర నాలుగు నల్ల చుక్కలు చదరంగా ఉంటాయి. అంతే. చదువు రాని రైతు సైతం సుడిలోంచి పురుగును తీసి అరచేతిలో పెట్టుకుని, ఔనో కాదో తేల్చుకోగలిగేంత సులువైన గుర్తు. రైతు తన కంటితో సరిచూసుకునే వీలిచ్చే వార్తకు మించిన మేలు లేదు.

కొట్టు గోడ మీది కాగితం

ఇంకో సంగతి కూడా ఉంది. పేపరులోని సైంటిస్టు ఫోటోను కత్తిరించి మందుల కొట్టు గోడకు అంటించడం కద్దు. వార్తలో ఉన్నది మందు పేరు. సంచి మీద ఉన్నది కంపెనీ పేరు. "ఇదిగోనండి, సైంటిస్టుగారు చెప్పింది ఇదే" అని చేతిలో పెట్టేది ఏదైనా కావచ్చు. ఆ కాగితం ఏ ఏడాదిదో, ఏ పంటకు చెప్పిందో అడిగేవారు తక్కువ. దాళ్వాలో చెప్పింది సార్వాకు పనికిరాకపోవచ్చు. రాయలసీమ వేరుశనగకు చెప్పింది డెల్టా వరికి అసలే పనికిరాదు.

రైతు చూసుకోవలసింది

అందుకే పేపర్లో సైంటిస్టు మాట కనిపించినప్పుడు నాలుగు సంగతులు చూసుకోవడం మంచిది. మాట ఎవరిది? పేరు, పని చేసే చోటు ఉన్నాయా? ఏ పంటకు, ఏ దశకు చెప్పారు? మోతాదు లీటరుకా, ఎకరాకా? రెండూ ఇచ్చి ఉంటే ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా? చివరగా, కొట్టవద్దన్నది ఏది?

అనుమానం వస్తే అడగడానికి చోట్లున్నాయి. జిల్లాలో ఉండి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. మార్టేరు పరిశోధన స్థానం ఉంది. కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551కు ఫోను చేస్తే డబ్బు పడదు, తెలుగులోనే జవాబు చెబుతారు. విశ్వవిద్యాలయం ఏటా వేసే వ్యవసాయ పంచాంగం ఊళ్లో ఒక్కరింట ఉన్నా నలుగురికి పనికొస్తుంది. పేపర్లోని అంకెను అందులోని అంకెతో సరిపోల్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

విలేకరుల వంతు కూడా ఉంది. అంకెలు రాసుకున్నాక సైంటిస్టుకు ఒకసారి తిరిగి చదివి వినిపిస్తే పోయేదేమీ లేదు. శాస్త్రవేత్తలూ ఇంగ్లీషు పేర్ల వెనక దాక్కోకుండా ఊరి మాటల్లో చెప్పాలి. బి.పి.హెచ్. అంటే టీ కొట్టు దగ్గర ఎవరికీ ఎక్కదు. సుడిదోమ అంటే చాలు, ఆ పేరు వినగానే పెద్దాయన లేచి పంచె ఎగగట్టి చేలోకి నడుస్తాడు. ముందు దుబ్బు విడదీసి మొదలు చూస్తాడు. ఆ తరవాతే మందుల కొట్టు మాట.