ప్రయాణం అక్కర్లేని టమాటా

2023 జులై చివర్లో మదనపల్లె మార్కెట్‌లో కిలో టమాటా 200 రూపాయల దరిదాపులకు వెళ్లింది. ఆ తర్వాత రెండు నెలలు గడవకముందే అదే మార్కెట్‌లో ధర కుప్పకూలింది. ధర ఎగబాకిన ప్రతిసారీ ఇంట్లోనే నాలుగు మొక్కలు వేసుకుందామన్న మాట వినిపిస్తుంది. కోరిక మంచిదే గానీ దానికి చెప్పుకునే కారణం నిలవదు. విత్తనం వేసిన రోజు నుంచి పండు కోసే రోజుకు సుమారు మూడు నెలలు పడుతుంది. అప్పటికి ధర దిగివచ్చి ఉంటుంది. కుండీ, మట్టి, ఎరువు ఖర్చు లెక్కేస్తే మిగిలేదీ తక్కువే. ఇంట్లో టమాటా పెంచడానికి ఇంతకంటే గట్టి కారణం వేరే ఉంది. ఎలాంటి పండు తినాలో మనమే ఎంచుకునే వీలు అందులో ఉంది. ఆ ఎంపిక జరిగేది విత్తనం దగ్గరే.

మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. మైదానాల్లో ఎండలు 40 డిగ్రీలు దాటి టమాటా పూత రాలిపోయే వేళ, మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల్లో కాపు నిలుస్తుంది. అందుకే వేసవిలో ఇక్కడి పండు లారీలెక్కి దూర రాష్ట్రాలకు పోతుంది. అంత దూరం పోవాలంటే తోలు మందంగా, కండ గట్టిగా ఉండాలి, దోరగా ఉన్నప్పుడే కోయాలి. రైతు ఆ గుణాలున్న హైబ్రిడ్‌లను ఎంచుకోవడం న్యాయమే; లేకుంటే నగరాలకు టమాటాయే అందదు. కానీ మేడ మీది కుండీ నుంచి వంటింటికి వచ్చే పండుకు లారీ ప్రయాణం లేదు. అది తోలు పలచగా, రసం నిండుగా, పప్పులో వేస్తే ఇట్టే కరిగిపోయేలా ఉండవచ్చు, చెట్టునే ఎర్రగా పండవచ్చు.

రూపాయో రెండో పెడితే నారు దొరుకుతుంటే విత్తనంతో తంటా ఎందుకని అడగవచ్చు. కుప్పం, పలమనేరు వైపు నర్సరీలు షేడ్‌నెట్‌ కింద, గళ్లున్న ప్లాస్టిక్‌ ప్రోట్రేల్లో కొబ్బరి పొట్టు నింపి చక్కటి నారు పెంచుతాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం పొలాల కోసం పెంచిన హైబ్రిడ్‌లే. ఆ నారు కొంటే మార్కెట్‌ కోసం జరిగిన ఎంపికే మన కుండీలోకీ వస్తుంది. కొన్న పండును పిండి గింజలు చల్లినా మొలకలు వస్తాయి. కానీ హైబ్రిడ్‌ గింజ తల్లి గుణాలను అలాగే దించదు, ఒక్కో మొక్క ఒక్కో తీరుగా కాస్తుంది. బెంగళూరు దగ్గరి హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క వికాస్‌, ఢిల్లీ పూసా సంస్థ ఇచ్చిన పూసా రూబీ హైబ్రిడ్‌లు కావు. టమాటా పువ్వు చాలావరకు తన పుప్పొడితోనే ఫలదీకరణం చెందుతుంది కాబట్టి, ఇలాంటి రకాల గింజ దాచుకుంటే మరుసటి ఏడు దాదాపు అదే పండు వస్తుంది. బాగా మాగిన పండు గింజలను గుజ్జుతో సహా రెండు రోజులు పులియబెట్టి, మొలకను ఆపే జిగురు పొర వదిలాక కడిగి, నీడన ఆరబెడితే చాలు.

పెంచే పద్ధతిలో ఓపికే ముఖ్యం. గింజను అర సెంటీమీటరు లోతున పెట్టి తడి ఆరకుండా చూస్తే, 25 నుంచి 30 డిగ్రీల వేడిలో వారం పది రోజుల్లో మొలుస్తుంది. నీరు ఎక్కువైతే నారు మొదలు కుళ్లి వాలిపోతుంది. వెలుతురు తక్కువైతే సన్నగా సాగిపోతుంది. నాలుగు వారాల నారును కాండం కొంత మట్టిలో దిగేలా నాటాలి, పూడిన చోటా వేళ్లు పుడతాయి. రోజుకు ఆరు గంటల ఎండ తగలని బాల్కనీలో కాపు ఆశించలేం. పాత రకాలు తెగుళ్లకు లొంగిపోతాయన్న మాట నిజమే. హెసరఘట్ట సంస్థ మూడు తెగుళ్లను తట్టుకునే అర్క రక్షక్‌ హైబ్రిడ్‌ను తెచ్చింది అందుకే. కానీ ఆకుముడత తెచ్చే తెల్లదోమను ఎకరం పొలంలో వెతకడం వేరు, ఐదు కుండీల్లో రోజూ ఆకు తిప్పి చూడటం వేరు. నారు మీద సన్నటి వల కప్పడం, ముడత పడిన మొక్కను వెంటనే పీకేయడం ఇంట్లో సాధ్యమే.

ఇంటింటా పెంచుకుంటే రైతుకు దెబ్బ కాదా అంటే, ఏడాదంతా ఇంటికి సరిపడా టమాటా నాలుగు కుండీలు ఇవ్వలేవు. పైగా మూడు నెలలు ఒక మొక్కను కాచుకున్నవారికి, ఒక్క వాన, ఒక్క తెగులు ధరను ఎందుకు తలకిందులు చేస్తాయో అర్థమవుతుంది. ఇక మార్కెట్‌కు అక్కర్లేని రకాలను ఇళ్లే కాపాడుకోవాలనడానికి పుంగనూరు పొట్టి ఆవు మంచి పాఠం. ఎక్కువ పాలిచ్చే సంకర జాతుల వెంట అందరూ పోవడంతో ఆ జాతి అంతరించే దశకు చేరింది. పలమనేరు పశు పరిశోధన కేంద్రం లాంటి చోట్ల, కొందరి ఇళ్లలో కాపాడుకోబట్టే మిగిలింది. పలుచని తోలు టమాటాను మార్కెట్‌ కాపాడలేదు, దాని అవసరం మార్కెట్‌కు లేదు. అది మిగలాలంటే ఎవరో ఒకరు వంటింటి గూట్లో చిటికెడు గింజలు పొట్లం కట్టి దాచాలి.