మంచుకొండ ఎక్కించే లాగుడు లిఫ్టు

మంచు కప్పిన కొండవాలుపై జారడం సులభం. తిరిగి పైకి ఎక్కడమే కష్టం. పాదాలకు పొడవాటి స్కీ పలకలు బిగించుకొని కొండ దిగినవారు ఒకప్పుడు ఆ పలకలను భుజాన మోసుకుంటూ కాలినడకన పైకి చేరవలసి వచ్చేది. ఈ శ్రమ తప్పించడానికి జర్మనీలోని నల్ల అడవి ప్రాంతంలో రాబర్ట్ వింటర్‌హాల్డర్ అనే సత్రం యజమాని 1908లో నీటిమర శక్తితో నడిచే లిఫ్టును నెలకొల్పాడు. 1934లో స్విట్జర్లాండులోని దావోస్‌లో ఎర్న్‌స్ట్ కాన్‌స్టామ్ అనే ఇంజనీరు నిర్మించిన లిఫ్టు నేటి పద్ధతికి మార్గదర్శకమైనది. మన దేశంలో గుల్‌మార్గ్‌లో కూడ ఇటువంటివి ఉన్నాయి.

దీని నిర్మాణం సులభమైనదే. స్తంభాలపై అమర్చిన కప్పీల మీదుగా ఒక ఉక్కుతాడు ఎడతెగక తిరుగుతూ ఉంటుంది. దానినుండి వేలాడే ప్రతి చిన్న తాడు చివర తలక్రిందులైన ఇంగ్లీషు టి అక్షరం వంటి అడ్డకర్రగాని, గుండ్రని బిళ్ళగాని ఉంటుంది. అడ్డకర్ర తొడల వెనుక ఆనుతుంది. బిళ్ళనయితే కాళ్ళ నడుమనుండి వెనుకకు పోనిస్తారు. పాదాలు మాత్రం మంచుమీదనే ఉంటాయి.

క్రొత్తవారు చేసే మొదటి పొరపాటు దానిపై కూర్చోవడం. ఇది ఎందుకు ప్రమాదమో వాలుతల సూత్రం చెబుతుంది. వాలువెంట 3 మీటర్లు సాగితే 1 మీటరు ఎత్తు పెరిగే కొండను తీసుకుందాం. 60 కిలోల బరువుగల మనిషిని దానిపై పైకి లాగడానికి, ఘర్షణను లెక్కించకపోతే, ఆ బరువులో మూడవ వంతు, అనగా 20 కిలోల బరువుకు సమానమైన బలం చాలు. తక్కిన పని మంచు చేస్తుంది. అది పాదాలను 56 కిలోలకు పైబడిన బలంతో మోస్తూ ఉంటుంది. లిఫ్టు మనిషిని లాగడానికేగాని మోయడానికి కాదు. కూర్చుంటే తాడు సాగి, మనిషి మంచులో కూలబడతాడు.

రెండవ ప్రమాదం బయలుదేరేటప్పటి కుదుపు. నిలిచి ఉన్న ఆ మనిషికి అర సెకనులో సెకనుకు 2 మీటర్ల వేగం రావాలంటే 240 న్యూటన్ల బలం కావాలి. అదే వేగం 2 సెకన్లలో వస్తే 60 న్యూటన్లు చాలు. వ్రేలాడే తాటికి స్ప్రింగు అమర్చడం ఇందుకే. మోకాళ్ళు కొద్దిగా వంచి నిలబడితే మిగిలిన కుదుపును అవి ఓర్చుకుంటాయి.

ఎక్కబోయే ముందు చేతికర్రల పట్టీలను మణికట్టునుండి తీసి, కర్రలు రెండూ ఒకే చేత పట్టుకోవాలి. మెడగుడ్డ, సంచి పట్టీలు, పొడవైన జుట్టు దుస్తుల లోపలికి దోపుకోవాలి. పలకలు సమాంతరంగా, దారికి సూటిగా ఉండాలి. దారిలో అటూ ఇటూ వంకరగా పోకూడదు. ప్రక్కకు లాగబడిన ఉక్కుతాడు కప్పీనుండి జారిపోవచ్చు.

దారిలో పడిపోతే ఏమి చేయాలి? వెంటనే పట్టు వదలి, దారినుండి ప్రక్కకు తొలగిపోవాలి. పట్టుకొని వేలాడితే ఈడ్చుకొనిపోతుంది. దారిలోనే ఉంటే వెనుక వచ్చేవారు తగులుతారు.

శిఖరం వద్ద సూచించిన చోట లిఫ్టును వదలి, ఆగకుండా తొలగాలి. అంతకు ముందే దుస్తులుగాని పట్టీలుగాని చిక్కుకొనలేదని చూసుకోవాలి. చిక్కుకున్నవారిని తాడు ముందుకు లాగుకొనిపోతుంది. అటువంటప్పుడు యంత్రాన్ని ఆపడానికి చివర ఒక అడ్డుతీగ ఉంటుంది. దానికి ఎవరైనా తగిలితే లిఫ్టు నిలిచిపోతుంది. అయినా ఆ తీగవరకు పోకుండా చూసుకోవడమే క్షేమం.