బస్తాకు గొట్టం, బాటకు టోల్ గేటు

సంక్రాంతి సెలవులకు మా మనవరాలు నందిగామ వచ్చింది. ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది. జగ్గయ్యపేటలో వాళ్ల మేనమామకు ఎరువుల కొట్టుంది. ఏ సరుకు ఎన్ని బస్తాలుందో రైతులు ఇంటి దగ్గర్నుంచే ఫోన్లో చూసుకుని, కావలసినవి చెప్పి పెట్టుకునేట్టు ఓ యాప్ కడుతోంది. యూరియా కోసం వత్సవాయి వైపు నుంచి ఆటో కట్టించుకుని వచ్చి, "సరుకైపోయింది" అనిపించుకుని వట్టి చేతులతో తిరిగిపోయిన మనుషుల్ని నేను చూశాను. చదువు ఇలాంటి పనికి అక్కరకొస్తుంటే నాకు కడుపు నిండినట్టుంటుంది.

అరిసె తుంపుకుంటూ అడిగింది: "తాతయ్యా, నేను ఏపీఐ టెస్టింగ్ క్లయింట్ తీసుకోనా, ఏపీఐ గేట్‌వే తీసుకోనా? రెంట్లో ఏది మేలు?"

"జల్లెడ కొననా, ఇంటికి తలుపు పెట్టించనా అని అడిగినట్టుందే అమ్మలూ" అన్నాను. కానీ పిల్ల తికమక పడటంలో తప్పేం లేదు. రెంటికీ ముందు ఏపీఐ అనే మాటే ఉందాయె.

మీ అందరి కోసం ఆ మాట దగ్గర్నుంచే చెప్తాను. ఎరువుల కొట్లో రైతు నేరుగా గోడౌన్లోకి పోడు. గుమాస్తాకు చీటీ ఇస్తాడు, గుమాస్తా చూసొచ్చి జవాబు చెప్తాడు. ఫోన్లో యాపూ అంతే. సర్వర్ అనే వేరే కంప్యూటర్లో ఉన్న లెక్కల్ని అది నేరుగా తాకలేదు, చీటీ పంపుతుంది. చీటీ ఎలా రాయాలి, జవాబు ఎలా వస్తుంది అన్న ఒప్పందమే ఏపీఐ. జవాబుతో పాటు ఓ అంకె కూడా వస్తుంది. 200 అంటే పని అయిందని, 404 అంటే నువ్వడిగింది ఇక్కడ లేదని, 500 అంటే లోపలే ఏదో చెడిందని.

ఇక టెస్టింగ్ క్లయింట్. ధాన్యం కొనేవాడు బస్తాలోకి మొన తేలిన ఇనప గొట్టం గుచ్చి లాగుతాడు, చూశారా? గొట్టంలో గుప్పెడు గింజలొస్తాయి. అరచేతిలో పోసుకుని నలుపుతాడు, ఓ గింజ పంటి కింద పెడతాడు. మూట విప్పకుండానే లోపలి సంగతి తెలిసిపోతుంది. టెస్టింగ్ క్లయింట్ ఆ గొట్టమే. యాప్ ఇంకా తయారు కాకపోయినా, చీటీ మనమే చేత్తో రాసి సర్వర్‌కు పంపి, వచ్చిన జవాబును నలిపి చూసుకోవచ్చు. ఈ పనికి ప్రపంచమంతా వాడే పోస్ట్‌మ్యాన్ మన పక్కనున్న బెంగళూరులో 2014లో కంపెనీగా మొదలైంది. అంతకు ముందు అది క్రోమ్ బ్రౌజరుకు తగిలించుకునే చిన్న పనిముట్టు. ఇంకా వెనక్కి వెళితే 1998 నుంచీ కర్ల్ ఉంది. బొమ్మలూ బటన్లూ ఉండవు, ఒక్క వరుస టైపు చేస్తే చాలు.

గేట్‌వే సంగతి వేరు. మన హైవే మీద చిల్లకల్లు టోల్ గేటు తలుచుకోండి. 2021 ఫిబ్రవరి నుంచి అక్కడ ఫాస్టాగ్ తప్పనిసరి కదా. అద్దానికి అంటించిన ఆ బిళ్లలో బ్యాటరీ లేదు. పైనున్న యంత్రం విసిరే రేడియో తరంగాల్లోంచే దానికి కాసింత శక్తి అందుతుంది, ఆ శక్తితోనే తన నంబరు చెప్తుంది. బిళ్లలో డబ్బూ లేదు, నంబరే ఉంది. ఆ నంబరు చెల్లేదో కాదో చూసి గేటు ఎత్తుతారు, అది ఏ బ్యాంకుదో వెతికి అక్కడ్నుంచి సొమ్ము కోస్తారు. నాకీ ఏర్పాటు ఎన్నిసార్లు చూసినా ముచ్చటే. గేట్‌వే సరిగ్గా ఇదే చేస్తుంది. వచ్చిన ప్రతి చీటీ మీద తాళంచెవి లాంటి నంబరుందా? లేకపోతే 401 అని తిప్పి పంపుతుంది. ఒకడే నిమిషానికి వేలసార్లు అడుగుతుంటే 429, కాస్త ఆగమంటుంది. మంచి చీటీ అయితే ఏ సర్వర్‌కు పోవాలో ఆ దారి పట్టిస్తుంది. ఎవరొచ్చారో, ఎప్పుడొచ్చారో రాసి పెట్టుకుంటుంది. గొట్టం మన చేతిలో, మనకు కావలసినప్పుడు. గేటు మనం నిద్రపోతున్నా బాట మీద.

2015లో అందరికీ ఉచితంగా విడుదలైన కాంగ్ ఇలాంటి గేట్‌వే. ఆ కాంగ్ వాళ్లే 2019లో ఇన్‌సోమ్నియా అనే టెస్టింగ్ క్లయింట్‌ను కొనుక్కున్నారు. ఒకే కొట్లో గొట్టాలూ గేట్లూ దొరుకుతుంటే, రెండూ ఒకటేనేమో అని పిల్లలు అనుకోరూ!

"అయితే నాకిప్పుడేది?" అంది. "ముందు గొట్టం గుచ్చు" అన్నాను. ల్యాప్‌టాప్ తీసింది. యూరియా 60 బస్తాలున్నాయి. 5 కావాలని చీటీ పంపింది. 200 వచ్చింది, స్టాకు 55 అయింది. మళ్లీ 60 చేసి, సరుకు పేరు తప్పు రాసి పంపింది. 404. బాగానే ఉంది. "ఇప్పుడు ఐదు ముందు మైనస్ పెట్టు" అన్నాను. నవ్వి, పెట్టింది. సర్వర్ నిక్షేపంగా 200 అంది. స్టాకు 65 అయి కూర్చుంది! లేని ఐదు బస్తాలు గోడౌన్లో పుట్టాయి. వాటిని నమ్మి ఏ రైతో మళ్లీ ఆటో కట్టించుకుని వచ్చేవాడే. పిల్ల ముఖంలో నవ్వు పోయింది.

ఎంత మంచి గేట్‌వే పెట్టినా తనంతట తాను దీన్ని పట్టుకోదు. టోల్ గేటు దగ్గర ట్యాగ్ చూస్తారు గానీ, లారీలో బస్తాలకు పురుగు పట్టిందా అని చూడరు. చీటీలో ఇలాంటివి ఆపమని కొన్ని గేట్‌వేలకు నియమం రాసి పెట్టొచ్చు, నిజమే. కానీ ఏది ఆపాలో ముందు మనకు తెలియాలి, అది గొట్టం గుచ్చితేనే తెలిసేది.

ఒక కొట్టు, ఒక సర్వర్ ఉన్నంత కాలం పెద్ద గేట్‌వే బరువే. తాళంచెవి చూసుకోవడం ఆ సర్వరే చేసుకోగలదు. రేపు స్టాకుకో సర్వర్, డబ్బు చెల్లింపుకోటి, మెసేజీలకోటి అయి, నందిగామ కొట్లు కూడా చేరితే, అప్పుడు ప్రతి తలుపు దగ్గరా కాపలా పెట్టే బదులు బాట మొదట్లో ఒక గేటు మంచిది. అప్పుడైనా గొట్టం పారెయ్యొద్దని చెప్పాను. గేటు బయట్నుంచి ఒకసారి, లోపల నేరుగా సర్వర్‌కు ఒకసారి, అదే చీటీ పంపి చూడాలి. బయట్నుంచి 502 వచ్చి లోపల 200 వస్తే, సర్వర్ బాగానే ఉంది, మధ్య దారి చెడిందన్నమాట. రెండు చోట్లా 500 అయితే లోపం లోపలే ఉంది. ఇంకొకటి, టెస్టింగ్ క్లయింట్‌లో దాచుకున్న చీటీల్ని స్నేహితులకు పంపేటప్పుడు అందులో తాళంచెవి వదిలెయ్యకు అమ్మలూ, ఇంటి తాళంచెవి గుమ్మానికి వేలాడదీసినట్టే అది.

భోజనాలయ్యాక కోడ్ దిద్దింది. సున్నా కన్నా తక్కువైతే ఒప్పుకోవద్దని రాసి, స్టాకును తిరిగి 60 చేసి, మైనస్ ఐదు మళ్లీ పంపింది. 400, చీటీ తప్పు. స్టాకు 60 దగ్గర కదల్లేదు. ఊపిరి పీల్చుకుని, నేను చెప్పకుండానే మరో చీటీ రాసింది: సున్నా బస్తాలు.

"తాతయ్యా, దీనికి 200 అంది!" అంటూ కుర్చీ మళ్లీ ముందుకు లాక్కుంది.