రాతిలో నిలిచిన వేట

అలికిన నేల యారకమునుపే పసివాడు దానిపై నడచిపోయినచో, వాడెటు పోయెనో, నడచెనో పరుగెత్తెనో యడుగులను జూచి తల్లి చెప్పగలదు గదా! అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున గ్లెన్ రోజ్ అను నూరికడ, పలక్సీ నదీగర్భమున నిట్టి యడుగులే కలవు. కాని యవి పడి 11 కోట్ల యేండ్లు దాటినవి. అప్పుడా చోటు సముద్రతీరపు బురదనేల. ఆ బురద యారి, పైని వేఱు పొరలు గప్పి, తుదకు రాయి యయ్యెను. నది పైపొరలను గోసివేయగా నడుగులు మరల వెలుగు జూచినవి.

వానిలో మూడువ్రేళ్లవి మాంసాహారులైన పెద్ద డైనోసారులవి. అడుగు పొడవు ఇంచుమించు మూరెడు. పాదమునకు నాలుగింతలు తుంటి యెత్తని శాస్త్రజ్ఞుల లెక్క. అనగా నా మృగమునకు తుంటియే ఆరడుగుల యెత్తు!

1930 తరువాతి కఱవుదినములలో ఊరివారు కొందఱు ఈ యడుగులను పెల్లగించి యమ్ముకొనిరి. మఱికొందఱు రాళ్లపై రాక్షసమానవుల పాదములను దొంగగా జెక్కి యమ్మిరి. పొట్టకూటికై చేసిన పనిని మేము గట్టిగా నిందింపజాలము. చిత్రమేమనగా, 1938లో న్యూయార్కు ప్రదర్శనశాలకు జెందిన రోలండ్ బర్డు అట్టి దొంగరాళ్లను జూచియే, వాని జాడ నరయుచు నిచ్చటికి వచ్చెను.

వచ్చి, నిజమైన వింతను గనెను. శాకాహారియగు మహాకాయ మొకటి నడచిన బాట ప్రక్కనే మాంసాహారి యడుగులు సాగినవి. అది మళ్లినచోట నిదియు మళ్లినది. ఒక తావున మాత్రము వేటమృగపు అడుగొకటి లోపించి, ఒకే కాలి గుఱుతు వెంటవెంట రెండుమాఱులు పడినది. తొక్కుడుబిళ్ల యాడు పిల్లవలె నది యొంటికాలిపై గెంతెనా? ఎరను గఱచి పట్టి యీడ్వబడెనని బర్డు తలంచెను. రెండును వేర్వేఱు వేళల నడచియుండవచ్చునని మఱికొందఱి వాదము. మాకు బర్డు మాటయే మనసున కెక్కుచున్నది. అయినను ఎర చిక్కెనో లేదో రాయి చెప్పదు.

1940లో నదిని ఇసుకబస్తాలతో మళ్లించి యా బాటను పలకలుగా గోసిరి. కొంత న్యూయార్కునందును, కొంత ఆస్టిన్ నగరమందును ఉంచిరి. నదిలో మిగిలినవి నేటికిని గలవు. 2022లో అనావృష్టిచే నది యెండగా, మామూలుగా గానరాని యడుగులు కొన్ని బయటపడినవి. పిదప వానలు గురిసి, నీరును ఒండును వానిని మరల గప్పివేసెను.