మూట విప్పితే కులం

ఆదివారం పూట మా ఇంట్లో వాషింగ్ మెషీన్ దగ్గర ఒక చిన్న తగువు తప్పదు. నా కూతురు బుట్టలోని బట్టలన్నిటినీ ఒక్కసారే అందులో కుక్కుతుంది. డెబ్బై దాటిన మా అమ్మ వాటిని బయటికి లాగి, నేల మీద కూర్చుని కుప్పలు వేస్తుంది. అన్నీ మెషీనే చూసుకుంటుందని మనవరాలి వాదన. దానికి కండ్లున్నయా అని నాయనమ్మ ప్రశ్న. నేను ఎటూ మాట్లాడను. ఆ కుప్పల్లో ఎంత విద్య ఉన్నదో, ఎంత కులం ఉన్నదో తేల్చుకోవడానికి నాకే చాలా ఏళ్లు పట్టింది.

మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. 'రజక' అన్న మాట సంఘాల కాగితాల మీదికి తరువాత వచ్చింది. ఊరు మమ్మల్ని పిలిచింది సాకలోళ్లనే. తెల్లవారకముందే అమ్మ ఇల్లిల్లూ తిరిగి విడిచిన బట్టలు తెచ్చేది. చెరువు రేవులో మూట విప్పి, బండ మీద మొదటి దెబ్బ పడకముందే చాలాసేపు వాటిని వేరుచేసేది. తెల్ల పంచెలు, దుప్పట్లు సౌడు పట్టించి బానలో ఉడకేయడానికి. రంగు దిగే కొత్త నేత చీరలు ఒంటరిగా, చన్నీళ్లలో. నాట్లకు పోయినవాళ్ల చీరలను ముందు ఎండనిచ్చి దులపాలి. తడి బురదను రుద్దితే అది పోగులోకి దిగుతుంది. పసుపు మరకకు సౌడు తగిలితే ఎర్రబడుతుంది, దాన్ని ఎండకు వదిలేయాలి. పట్టు బానవైపే పోగూడదు. ఏ బట్ట ఏ ఇంటిదో చెప్పేది నల్లజీడి రసంతో అంచు మూల పెట్టిన చుక్కో గీతో. అక్షరం రాని అమ్మ ఊరంతటినీ ఆ చుక్కల్లో చదివేది. ఒక్క తువ్వాలు ఇల్లు మారినట్టు నాకు గుర్తు లేదు. దీన్ని శాస్త్రమని ఎవరూ అనలేదు, మేమూ అనుకోలేదు.

అయితే ఒక కుప్ప మాత్రం మిగతావాటికి దూరంగా ఉండేది. ముట్టు బట్టలు, పురిటి బట్టలు. నెత్తుటి మరకకు వేడి తగిలితే అది నూలులో నిలిచిపోతుంది. ముందు చన్నీళ్లలో నానాలి, బానలోకి పోరాదు. అమ్మ వేరు పెట్టడానికి కారణం అదే. ఊరు వేరు పెట్టమనడానికి కారణం మైల. ఒకటి పని చెప్పిన కారణం, మరొకటి కులం చెప్పిన కారణం; రెండూ ఒకే కుప్పలో కలిసిపోయాయి. మన భాష కూడా ఈ కలగాపులగానికి సాయపడింది. బట్టకు పట్టిన మురికికీ, పుట్టుకకూ చావుకూ అంటగట్టిన అశుచికీ మనం వాడే మాట ఒక్కటే. మురికి నీళ్లతో పోతుంది. ఆ రెండోది బట్టను వదిలి, ఉతికిన మనిషిని పట్టుకుంటుంది. పురుడు వచ్చిన ఇంట్లో చాకలి లేకుండా శుద్ధి జరగదు. శుద్ధి చేసిన చాకలికి అరుగు దాటి లోపలికి దారి లేదు.

పట్వారీ గారింట్లో ఇది మరీ స్పష్టం. తెల్లగా ఉతికి, గంజి పెట్టి, మడత నలగకుండా ఇచ్చిన పంచె అక్కడ శుభ్రమే గాని మడి కాదు. ఆ ఇంటివారు దాన్ని మళ్లీ నీళ్లలో ముంచి, ఎవరూ తాకని దండెం మీద ఆరేస్తేనే పూజకు పనికివచ్చేది. అమ్మ చేతులు తీసిన మైలను అమ్మ చేతులే మళ్లీ అంటించాయన్నమాట. ఇంత చేసినందుకు కల్లం దగ్గర ఏడాదికోసారి కొలిచే గింజలు, మాపటికి గిన్నెలో పడే బువ్వ.

ఇంతవరకు చెప్పడం తేలిక. మా సభల్లో ఇదంతా చెబుతూనే ఉంటాం. చెప్పనిది ఇంకొకటి ఉన్నది. ఆ మూటలో మాలవాడ బట్టలు, మాదిగవాడ బట్టలు ఎన్నడూ లేవు. మూట కట్టకముందే ఆ వేరుచేయడం జరిగిపోయింది. 1955 నాటి చట్టం ప్రకారం అంటరానితనం కారణంగా సేవ నిరాకరించడం నేరం. ఆ లెక్కన బోనులో నిలబడవలసింది మా అమ్మ. దళితుల బట్ట ముట్టిన చేతికి తమ బట్టలు వేయబోమని బెదిరించిన పెద్దమనుషులు ఆ బోనులోకి రారు. ఇది నిజం. ఈ నిజం చాటున మేం దాక్కోవడమూ నిజమే.

పోయిన ఏడాది అమ్మను సూటిగా అడిగాను. "తీసుకుంటే కల్లం కాడ గింజలెవలు కొలుస్తుండె బిడ్డా" అన్నది. కాసేపటికి తనంతట తానే, "ఒకపాలి మాలవాడ పోరగాడు పెండ్లి అంగి ఉతికియ్యమని రేవుకాడికొచ్చిండు. ఎవలు సూడలే. అయినా పొమ్మన్న" అన్నది. ఎవరూ చూడని చోట పొమ్మనడానికి గింజల భయం కారణం కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

ఇప్పుడు రజక సంఘాలు ఎస్సీ హోదా అడుగుతున్నాయి. ఉత్తరప్రదేశ్, బిహార్, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాల్లో ధోబీలు ఎస్సీ జాబితాలో ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లో మేం బీసీ-ఏ. కులం పేరుతో దూషించి కొట్టినా 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం మాకు వర్తించదు. తెలంగాణలో 2021 నుంచి లాండ్రీలకు, ధోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల ఉచిత విద్యుత్తు పథకం ఉన్నది. అది మీటరు బిల్లును తగ్గిస్తుంది గాని తిట్టును ఆపదు. కనుక చట్టరక్షణ అడగడం న్యాయమే. నేనూ ఆ తీర్మానాల మీద సంతకాలు చేశాను. కాని ఎవరి జాబితాలో చోటు అడుగుతున్నామో వారి బట్టలను మేం ముట్టలేదన్న మాట, నేను సంతకం చేసిన ఏ తీర్మానంలోనూ లేదు. తమ వాటా తగ్గుతుందన్న దళిత మిత్రుల ఆందోళనకు మేం జనాభా లెక్కలతో జవాబు చెబుతున్నాం. వారు అడుగుతున్నది లెక్కలు మాత్రమే కాదు.

మా మండల సంఘం సమావేశంలో, తీర్మానం మొదటి వాక్యంగా ఆ ఒప్పుకోలు ఉండాలని ప్రతిపాదించాను. ఇంటి గుట్టు బజారున వేయడమెందుకని పెద్దలు తోసిపుచ్చారు. వచ్చే సమావేశంలో మళ్లీ పెడతాను. ఈసారి అమ్మ కూడా వస్తానంటున్నది.